ఇంటికి పట్టిన అజీర్ణం: సంతృప్తికి ఆయుర్వేదం చూపిన దారి

"మందు వాడినంతకాలం బాగానే ఉంటుందండీ, మానగానే మళ్లీ మొదలు." వైద్యవృత్తిలో ఉన్నవారు ఈ మాట వినని వారం ఉండదు. సాధారణంగా ఇది మందును గూర్చిన ఫిర్యాదుగా వినిపిస్తుంది. నిజానికి ఇది వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఏదో అడగలేదని రోగి చెప్పే సూచన. ఈ సంగతి నాకు ఈ వయస్సులో, ఒక గృహిణి మూలంగా మరల గుర్తుకు వచ్చింది. నా పొరపాటు మరికొందరికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆమె వయస్సు 48 సంవత్సరాలు. భర్తది మంచి ఉద్యోగం. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. సొంత ఫ్లాటు ఉన్నది. ఆమె బాధలు మూడు: గుండెల్లో మంట, పులిత్రేన్పులు, రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి తెల్లవారే వరకు నిద్ర పట్టకపోవడం. ఎండోస్కోపీ చేయించుకున్నారు, భయపడవలసినది ఏదీ కనిపించలేదు. మందులు వ్రాయించుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగి ఆమె నాలుగో మాట చెప్పింది. "ఇంట్లో దేనికీ లోటు లేదు డాక్టరు గారూ. అయినా ఎప్పుడూ ఏదో వెలితి. దీనికి కూడా మీ శాస్త్రంలో మందుందా?" నేను నవ్వి, "అన్నీ నిదానంగా తగ్గుతాయమ్మా" అన్నాను. అవిపత్తికర చూర్ణం, ఉసిరిక ప్రధానమైన ఒక లేహ్యం, కారం పులుపుల పథ్యం చెప్పి పంపించాను.

ఏడాదిన్నర కాలంలో ఆమె మూడుసార్లు తగ్గి, మూడుసార్లు తిరిగి వచ్చింది.

ఆ తరువాత వారింట సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలకు, అందరి భోజనాలూ అయ్యాక, ఆ ఇల్లాలు వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటున్నది. మిక్సీకి ఆనించిన ఫోనులో ఒకదాని తరువాత ఒకటిగా చీరలు కదులుతున్నాయి. చేయి యాంత్రికంగా నోటికి పోతున్నది. ఇంతలో గంట మోగింది. ఏదో పార్సిలు వచ్చింది. చేయి కడుక్కుని వెళ్లి దానిని తీసుకుని, రెండో పడకగది తలుపు కొంచెం తోసి లోపల ఉంచింది. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోదు. లోపల అట్టపెట్టెలు, వాటిలో కొన్ని విప్పనైనా విప్పనివి. నేను చూడడం గమనించి, "అవసరానికి ఉంటాయని..." అని నొచ్చుకుంది. వ్రతానికని ఊరినుంచి వచ్చిన ఆమె అత్తగారు హాలులో చాప మీద నడుము వాల్చి ఉన్నారు. మరునాడే తిరుగు ప్రయాణమట. "ఇక్కడ గది ఇరుకండీ, అందుకే ఊళ్లోనే ఒక్కరూ ఉంటున్నారు" అన్నారు ఇంటాయన.

ఇంటికి తిరిగి వస్తూ నన్ను నేను నిందించుకున్నాను. సుమారు 50 సంవత్సరాల క్రితం గోదావరి తీరాన ఒక పల్లెలో, గురువుగారింట ఉండి నేను ఈ శాస్త్రం అభ్యసించాను. నాడి పట్టుకోవడానికి ముందు మూడు ప్రశ్నలు అడగాలని వారు నేర్పారు: ఏమి తిన్నావు, ఎప్పుడు తిన్నావు, ఎలా తిన్నావు. "మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు నాయనా, మూడోది అడిగినవాడే వైద్యుడు" అనేవారు. నేను ఏడాదిన్నరపాటు మొదటి ప్రశ్న మాత్రమే అడిగాను.

ఆరోగ్యంలో ప్రసన్నత ఒక భాగం

ఆరోగ్యవంతుడు ఎవరన్న ప్రశ్నకు సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలో చెప్పిన సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది. దోషాలు సమంగా ఉండాలి, జఠరాగ్ని సమంగా ఉండాలి, ధాతువులు, మలవిసర్జన క్రియలు సక్రమంగా సాగాలి. ఇది మొదటి భాగం. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండాలి. ఇది రెండవది. మొదటిది ఉండి రెండవది లేనివానిని ఆయన స్వస్థుడు అనలేదు. పరీక్షల కాగితాలన్నీ చక్కగా ఉండి, మనస్సులో వెలితి ఉన్నవారికి శాస్త్రం "నీకేమీ లేదు, పో" అని చెప్పదు. గుమ్మం దగ్గర ఆమె చెప్పిన నాలుగో మాట కూడా రోగలక్షణమే. నేను దానిని మర్యాదకు చెప్పిన మాటగా భావించాను.

ఈ రెండు భాగాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. చరకసంహిత విమానస్థానం రెండవ అధ్యాయంలో ఒక విలువైన విషయం ఉన్నది. హితమైన ఆహారాన్ని మితంగా తిన్నప్పటికీ, చింత, శోకం, భయం, క్రోధం, దుఃఖం, సరికాని పడక, రాత్రి జాగరణ ఉన్నట్లయితే అది జీర్ణం కాదట. అంటే పథ్యం పాటిస్తూ కూడా పులిత్రేన్పులతో బాధపడవచ్చునన్నమాట. నా రోగి విషయంలో జరిగినది సరిగ్గా ఇదే.

కాంపిల్యంలో చెప్పిన పాఠం

అదే విమానస్థానంలో జనపదోద్ధ్వంసనీయం అని మూడవ అధ్యాయం ఉన్నది. పాంచాల దేశపు రాజధాని కాంపిల్యంలో, గ్రీష్మం ముగిసే వేళ గంగాతీరాన సంచరిస్తూ, పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి ఊళ్లకు ఊళ్లే రోగాల పాలు కావడానికి కారణాలు వివరిస్తాడు. గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడం గూర్చి చెప్పి, ఆ మీదట మానవులలో దుఃఖం ఎలా ప్రవేశించిందో ఒక కథవలె చెబుతాడు.

కృతయుగం చివర కొందరు సంపన్నులు అవసరానికి మించి తినసాగారు. దానివల్ల శరీరం బరువెక్కింది. బరువువల్ల అలసట, అలసటవల్ల సోమరితనం కలిగాయి. సోమరితనంవల్ల ఏరోజుకారోజు సంపాదించుకోలేక కూడబెట్టడం మొదలైంది. కూడబెట్టినది "నాది" అనే పట్టుదలగా మారింది. ఆ పట్టుదలనుంచి లోభం పుట్టింది. త్రేతాయుగంలో లోభంనుంచి ద్రోహం, ద్రోహంనుంచి అసత్యం, వాటి వెనుక కామక్రోధాలు, ద్వేషం, భయం, శోకం, చింత, ఉద్వేగం వరుసగా వచ్చాయి.

ఈ అధ్యాయాన్ని పురాణకథగా చదివి వదిలివేయవచ్చు. మా గురువుగారు మాత్రం దానిని రోగనిదానంగా చెప్పేవారు. ఈ గొలుసులో మొదటి లంకె లోభం కాదు, అతిభోజనం. చివరి లంకె చింత. వైద్యుని వద్దకు మనిషి చివరి లంకెను పట్టుకుని వస్తాడు. ఉపదేశకులు మధ్యలోనున్న లోభాన్ని తిడతారు. ఆత్రేయుడు మొదటి లంకెను, అనగా విస్తరిని చూపించాడు. "దురాశ విడువుము" అని ఎవరికైనా చెప్పడం తేలిక, ఆచరించడం అసాధ్యప్రాయం. "ఈ పూట కూర్చుని, ఆకలి మేరకు తినుము" అన్నది మాత్రం ఈరోజే చేయగలిగిన పని. సంతృప్తికి దారి వంటింట్లోనుంచి ఉన్నదని చెప్పడంలో శాస్త్రకారుల లోకజ్ఞానం కనిపిస్తుంది.

వస్తువులలో అధ్యశనం

ముందు తిన్నది అరగకముందే మరల తినడాన్ని ఆయుర్వేదంలో అధ్యశనం అంటారు. అనేక రోగాలకు ఇది కారణం. తిన్నది ఎంత శ్రేష్ఠమైనదైనా, అరగని అన్నం మీద పడితే అది ఆమంగా మారుతుంది. ఆమం అంటే లోపలికి వచ్చి, శరీరంలో భాగం కాలేక, బయటికీ పోలేక నిలిచిపోయిన పదార్థం. అది ఉన్నచోట బరువు, మందకొడితనం, అరుచి, బడలిక తప్పవు.

ఆ ఇంటి రెండో గదిని తలుచుకున్నప్పుడు నాకు ఈ పదమే స్ఫురించింది. ఒక వస్తువు కొన్నాక అది మన జీవితంలో కలిసిపోవడానికి కొంతకాలం పడుతుంది. దానిని విప్పాలి, వాడాలి, వాడకంలో దాని మేలు తెలియాలి. అదే దాని జీర్ణక్రియ. అంతలోనే మరొకటి వచ్చి పడితే మొదటిది ఆమం అవుతుంది. పెట్టె విప్పని మిక్సీజార్లు, మడత విప్పని దుప్పట్లు, సగం చదివి విడిచిన పుస్తకాలు, ఫ్రిజ్‌లో మూడోనాటి కూర, అన్నీ ఈ కోవలోనివే. వాటిని చూసినప్పుడల్లా "ఇది కూడా వాడలేదు" అనే సన్నని బాధ కలుగుతుంది. ఆ బాధనుంచి తప్పించుకోవడానికి మరొకటి కొంటాము. కడుపు బరువుగా ఉన్నా నోరు ఏదో కావాలని కోరడం వంటిదే ఇది. వెలితి అనిపించేది లేమివల్ల కాదు, అరగకపోవడంవల్ల.

పూర్వం మధ్యతరగతి ఇళ్లలో ఈ నియంత్రణ ఆదాయమే చేసేది. ఏడాదికి పండుగకొక జత బట్టలు, వేసవిలో ఒకసారి ఆవకాయ, కందిపప్పు, చింతపండు. పాతది అయిపోతే గాని కొత్తది వచ్చేది కాదు. నేడు చేతిలో ఫోను, నెలసరి వాయిదాలు ఉన్నందున ఆ పని మన వివేకమే చేయాలి.

డబ్బును ఆయుర్వేదం నిందించదు

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. సంతృప్తి అనగానే దరిద్రాన్ని మెచ్చుకోవడమని కొందరు తలుస్తారు. చరకుడు సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో మనిషి కోరదగిన మూడు కోరికలను ఏషణలని పేర్కొన్నాడు. మొదటిది ప్రాణైషణ, రెండవది ధనైషణ, మూడవది పరలోకైషణ. ప్రాణం తరువాతి స్థానం ధనానిదే. సాధనసామగ్రి లేకుండా దీర్ఘకాలం జీవించడంకంటె కష్టం లేదని చెప్పి, వ్యవసాయం, పశుపోషణ, వాణిజ్యం, రాజసేవ మొదలైన జీవనమార్గాలను సూచించాడు.

కనుక పప్పు కొనలేని ఇంటికి వెళ్లి తృప్తిని గూర్చి ఉపన్యసించడం వైద్యం అనిపించుకోదు. అక్కడ కావలసినది పప్పు. పిల్లల చదువు, వైద్య అవసరం, వృద్ధాప్యానికి నాలుగు రూపాయలు, ఇవి లోభం కిందికి రావు. వరుసను గమనించండి. ధనైషణ ప్రాణైషణ తరువాత రావాలి. ధనం కోసం నిద్రను, వేళకు తిండిని, ఇంటిల్లిపాది కూర్చుని మాట్లాడుకునే సమయాన్ని అమ్ముకుంటే వరుస తలకిందులైనట్లు. అప్పుడు సంపాదించినది మందులకు ఖర్చవుతుంది.

తెలిసి చేసే తప్పు

రోగాలకు మూలకారణాలలో ఒకటి ప్రజ్ఞాపరాధం. ధీ, ధృతి, స్మృతి అనే మూడు శక్తులు సడలినప్పుడు మనిషి చేసే పని ఇది. ధీ అంటే మంచిచెడ్డల విచక్షణ. ధృతి అంటే తెలిసినదానికి కట్టుబడి మనస్సును నిలపగల పట్టు. స్మృతి అంటే ఇంతకుముందు జరిగినదానిని సమయానికి గుర్తు చేసుకోవడం. రాత్రి పదకొండు గంటలకు ఫోను చూడడం మంచిది కాదని మనందరికీ తెలుసు, కనుక ధీ ఉన్నది. నిన్న అలా చూసినందువల్ల నిద్ర చెడినదని మరచిపోతున్నాము, స్మృతి లోపించింది. ఇక చాలని పక్కన పెట్టలేకపోతున్నాము, ధృతి లోపించింది.

ఇంద్రియాలను సరిగా వాడని విధానాలు మూడు: అతిగా వాడడం, అసలే వాడకపోవడం, తప్పుగా వాడడం. కంటి విషయంలో తప్పుడు వాడకానికి చరకుడు ఇచ్చిన ఉదాహరణలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మరీ దగ్గరగా ఉన్నవి, మరీ దూరంగా ఉన్నవి, భయంకరమైనవి, వింతైనవి, ద్వేషం కలిగించేవి, జుగుప్సాకరమైనవి చూడడం. నేడు పడుకోబోయే ముందు చేతనున్న ఫోనులో ముఖానికి జానెడు దూరంలో మనం చూసేవి దాదాపు ఇవే.

అన్నిటినీ బలవంతంగా అణచుకోమని మాత్రం శాస్త్రం చెప్పలేదు. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, కన్నీరు వంటి 13 శారీరక వేగాలను ఆపకూడదని చరకుడు ఖచ్చితంగా చెప్పాడు. అదే అధ్యాయంలో ఆపదగినవి వేరే చెప్పాడు: లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, ఈర్ష్య, మితిమీరిన మమకారం, పరుల సొత్తుపై ఆశ. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. ఇల్లాలు అందరికీ వడ్డించే వరకు ఆకలిని ఆపుకుంటుంది, పనులవల్ల నిద్రను ఆపుకుంటుంది, నలుగురిలో కన్నీటిని ఆపుకుంటుంది. పొరుగింటివారి కొత్త సోఫా చూసి కలిగిన తొందరను మాత్రం ఎవరూ ఆపుకోరు.

ఆచరించే విధానం

వ్రతం మరునాటి వారంలో ఆమెను పిలిపించి, "అమ్మా, ఇన్నాళ్లూ నేను అడగవలసినది అడగలేదు, తప్పు నాది" అని చెప్పి, ఆమెతోను, భర్తతోను కలిసి ఒక క్రమం ఏర్పాటు చేశాను. పాఠకుల సౌకర్యార్థం దానిని ఇక్కడ ఇస్తున్నాను.

1. రోజుకు ఒక్క భోజనమైనా శాస్త్రోక్తంగా: ముందు తిన్నది అరిగిన తరువాతనే తినాలి. త్రేన్పు వాసన లేకుండా శుద్ధంగా రావడం, శరీరం తేలికగా ఉండడం, ఉత్సాహం, నిజమైన ఆకలిదప్పులు కలగడం, ఇవి అరిగినదనడానికి గుర్తులు. కూర్చుని, వేడిగా ఉన్నది తినాలి. కడుపులో రెండు పాళ్లు ఘనాహారానికి, ఒక పాలు ద్రవానికి, మిగిలిన పాలు వాయు సంచారానికి విడవాలని అష్టాంగహృదయం చెబుతుంది. మరీ తొందరగా తింటే ఆహారపు గుణదోషాలు తెలియవు. మరీ ఆలస్యంగా తింటే అన్నం చల్లారుతుంది, ఎంత తిన్నా తృప్తి కలగదు, అధికంగా తింటాము. టీవీ ముందు భోజనం చేసేవారికి జరిగేది ఈ రెండవది. మనస్సు తినేదానిమీదనే ఉంచి, "ఇది నాకు పడుతుందా" అని తన్ను తాను గమనించుకుంటూ తినమని చరకుని ఆదేశం. ఇల్లాలు కూడా కూర్చుని తినేటట్లు చూడవలసిన బాధ్యత ఇంటివారందరిదీ.

2. కొనడంలో అధ్యశన నియమం: ఏదైనా కొనాలనిపించినప్పుడు వెంటనే కొనకుండా కేలండరు మీద ఆ తేదీ దగ్గర వ్రాసి ఉంచండి. పదిహేను రోజులు గడవనివ్వండి. తరువాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆ రకం వస్తువు ఇంతకుముందు కొన్నది వాడకంలో ఉన్నదా? దీనిని ఉంచడానికి ఇంట్లో చోటున్నదా? అప్పు లేకుండా కొనగలమా? పదిహేను రోజుల క్రితమున్న కోరిక ఇప్పుడూ అంతే ఉన్నదా? నాలుగింటికీ అవునని సమాధానం వస్తే సంతోషంగా కొనండి. ఆకలి వేసినప్పుడు తిన్న అన్నంవలె అది వంటబడుతుంది. మందులకు, అత్యవసరాలకు ఈ నియమం వర్తించదు.

3. వారానికొక రోజు ఇంటిలో ఉన్నదానితోనే వంట: ఆ రోజు బజారుకు వెళ్లకూడదు, తెప్పించకూడదు. డబ్బాల అడుగున మరచిపోయిన పెసలు, ఉలవలు, బొబ్బర్లు అప్పుడు బయటికి వస్తాయి. పురుగు పట్టినవి, పాతవాసన వేసేవి మాత్రం వాడకండి.

4. నిద్రకు ముందు: పడుకునేందుకు గంట ముందు ఫోనును పడకగది వెలుపల ఉంచండి. గోరువెచ్చని నువ్వులనూనెతో ఒక్కొక్క పాదాన్ని సుమారు అయిదు నిమిషాలు మర్దించుకోండి. నిత్యాభ్యంగంలో తల, చెవులు, పాదాలకు ప్రాముఖ్యం ఇవ్వమని వాగ్భటుడు చెప్పాడు. మర్దన తరువాత పాదాలు గుడ్డతో బాగా తుడుచుకోవాలి. లేనిచో జారిపడే ప్రమాదం ఉన్నది. పెద్దవయస్సువారు మంచం మీదనే చేయించుకోవడం మంచిది.

5. మంటకు ధనియాల హిమం: రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, చిన్న గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టాలి. ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగాలి. లోపలి మంటకు, అతిదాహానికి శార్ఙ్గధరుడు చెప్పిన సులభయోగం ఇది. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం కలుపరాదు.

పావు వంతు చొప్పున

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెట్టినవారు పదిరోజులలో విడిచిపెడతారు. ఇది నా అనుభవం. చెడ్డ అలవాటును మానడానికి, మంచిది అలవరచుకోవడానికి చరకుడు పాదాంశిక క్రమం చెప్పాడు. నాలుగో వంతు చొప్పున, నడుమ కొన్ని రోజుల వ్యవధి ఇస్తూ, పాతది తగ్గించి కొత్తది చేర్చాలి. అలవాటైనది హానికరమే అయినా, ఒక్కసారిగా తెంచితే శరీరం తట్టుకోలేదు. క్రమంగా తొలగిన దోషం తిరిగి రాదు, క్రమంగా చేరిన గుణం స్థిరపడుతుంది.

ఆ ఇల్లాలు రోజుకు నాలుగుసార్లు కాఫీ త్రాగేది. ముందు సాయంత్రం చివరి కాఫీ మానింది. వారం తరువాత ఉదయం రెండవది. భోజనం దగ్గర ఫోను మొదటి వారం రాత్రిపూట మాత్రమే మానింది. గదిలోని పెట్టెలు నాలుగు వరుసలుగా ఉండేవి. ఒక్కొక్క పదిహేను రోజులకు ఒక్కొక్క వరుస విప్పి, వాడేవి వాడుకలో పెట్టి, మిగిలినవి అవసరమైనవారికి ఇచ్చింది. మధ్యలో రెండుసార్లు క్రమం తప్పింది. పండుగ తగ్గింపు ధరల సమయంలో ఒకేసారి అయిదు పార్సిళ్లు వచ్చాయట. ఆమె సిగ్గుతో చెప్పినప్పుడు, తప్పిన చోటినుంచే మళ్లీ ప్రారంభించమన్నాను. పథ్యం తప్పినందుకు తన్ను తాను తిట్టుకోవడం మరొక అపథ్యం. రోగాన్ని పెంచేవాటిలో విషాదం అగ్రగణ్యమని చరకుడే చెప్పాడు.

ఒక హెచ్చరిక

జీవనవిధానం సరిచేసుకోవడం మంచిదే గాని, అన్ని బాధలకూ అదే చికిత్స అనుకోకూడదు. గుండెల్లో మంటతోపాటు చెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది కడుపుమంట కాకపోవచ్చు, క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా పరీక్షలు అవసరం. రక్తపోటు, మధుమేహం, థైరాయిడు మందులను స్వయంగా మానరాదు.

అలాగే, రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా ఉండడం, నిష్కారణంగా ఏడుపు రావడం, బ్రతకాలని లేదనే ఆలోచన కలగడం, వీటిని వెలితి అని కొట్టివేయకండి. అవి చికిత్స అవసరమైన వ్యాధిలక్షణాలు. మనోవైద్యుని దగ్గరకు వెళ్లడం నామోషీ ఏమాత్రం కాదు. మనస్సుకు చేసే చికిత్సను సత్వావజయం పేరుతో మూడు చికిత్సామార్గాలలో ఒకటిగా మన ఆచార్యులు ఏనాడో గుర్తించారు. ఇంట్లో ఎవరైనా ఇటువంటి మాట అంటే "నీకేం తక్కువ" అని అడగకండి. ఆ ప్రశ్నవల్ల వారు రెండోసారి నోరు విప్పరు.

ముగింపు

ఆరునెలల తరువాత ఆమె వచ్చినప్పుడు మంట చాలవరకు తగ్గింది. కొత్తావకాయ రోజులలో కొంచెం కనిపించిందట, అది సహజం. రాత్రి మెలకువ వారంలో ఒకటి రెండుసార్లు వస్తున్నా, మళ్లీ నిద్ర పడుతున్నది. చూర్ణం మానివేసి అప్పటికి రెండు నెలలు.

నేను ఈసారి మరచిపోకుండా అడిగాను. "అమ్మా, ఆ వెలితి మాటేమిటి?"

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "ఉందో లేదో చూసుకోలేదండీ. గది ఖాళీ అయింది కదా, మా అత్తగారిని తీసుకొచ్చేశాం. ఆవిడకి పన్నెండున్నరకల్లా అన్నం పెట్టాలి. ఒక్కరూ తినరు, నన్నూ కూర్చోమంటారు."

గది ఇరుకని ఇన్నాళ్లూ ఊళ్లో ఒంటరిగా ఉంచిన ఆ వృద్ధురాలి చోటును అట్టపెట్టెలు ఆక్రమించి ఉన్నాయి. ఆ సంగతి ఆ ఇంటివారికెవరికీ తట్టలేదు. వైద్యుడనైన నాకూ తట్టలేదు. మందుచీటీలో నేను ఎన్నిసార్లు వ్రాసినా కుదరని వేళకు భోజనం, అత్తగారి పిలుపుతో కుదిరింది.

పాఠకులు ఈ రోజు ఒక్క పని చేయండి. రాత్రి భోజనానికి కూర్చునే ముందు ఫోను మరో గదిలో పెట్టి, ఇంట్లో ఆఖరున తినేవారు ఎవరో చూసి, వారిని కూడా మీతో కూర్చోమనండి. పావు వంతు అక్కడ మొదలవుతుంది.